గొంతు తగ్గలేదు, కంప్యూటర్ తగ్గిస్తున్నది



ఈ పోస్టు కొంచెం పొడుగ్గ ఉంటది. ఇప్పుడు తీరిక లేకపోతే సేవ్ చేసుకోండి. కానీ ఇంట్ల కంప్యూటర్ ముందట అవ్వనో తాతనో కూర్చోబెట్టి పాట రికార్డు చేద్దామనుకుంటున్నవాళ్లు మాత్రం రికార్డు చేసే ముందే చదవండి.

ఈ మధ్య మన గ్రూపులోకి పాటలు బాగా వస్తున్నాయి. దండారి పాటలు, పెళ్లి పాటలు, నాట్లు వేసేటప్పటి పాటలు, కోయ ఇలవేల్పుల కథలు. హాస్టల్ సెలవులకు ఇంటికి పోయినవాళ్లు ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి పంపుతున్నారు. వినేటందుకు సంతోషంగా ఉంటది. అయితే చాలా వాటిలో ఒకటే జబ్బు కనిపిస్తున్నది. మొదటి పది సెకన్లు గొంతు ఖంగుమని వినపడతది. తర్వాత మెల్లగా అడుగుకు పోతది. ఒక్కసారి లేస్తది, మళ్ల మునుగుతది. కింద కామెంట్లు కూడా ఒకటే తీరు. "అవ్వను కొంచెం గట్టిగా పాడమను" అని ఒకరు, "మైకు పోయింది, కొత్తది కొను" అని ఇంకొకరు.

మేము ఆ రెండు మాటలూ ఒప్పుకోము. గొంతు మునిగిపోవడానికి పాడే మనిషి కారణం కావడం తక్కువ. మైకు కారణం కావడం కూడా మనం అనుకున్నంత ఎక్కువ కాదు. ఎక్కువసార్లు కారణం కంప్యూటర్ లోపల, మనం పెట్టమని చెప్పకుండానే పెట్టి ఉన్న సెట్టింగులే. అవి ఫోన్‌లో, మీటింగ్‌లో మాట్లాడేవాళ్ల కోసం చేసినవి. పాట కోసం చేసినవి కావు. మన పాట కోసం అసలే కావు.

అదెట్లనో చూద్దాం. మాట్లాడే మనిషి నాలుగు మాటలు చెప్పి ఆగుతడు, మళ్ల మాట్లాడుతడు. గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో, ఒకే తీరుగా ఉండదు. ఫ్యాన్, కూలర్, ఏసీ చప్పుడు అట్ల కాదు, ఆగకుండా ఒకే తీరుగా సాగుతది. నాయిస్ సప్రెషన్ అనే సెట్టింగు ఈ తేడాను పట్టుకొని పని చేస్తది. మారుతూ ఉన్నది మాట, మారకుండా సాగేది చప్పుడు అని లెక్క వేసి, సాగేదాన్ని తగ్గిస్తది. మాటల వరకు ఆ లెక్క మంచిదే. ఇప్పుడు మన పెళ్లి పాట చివర అవ్వ సాగదీసే రాగం గుర్తు తెచ్చుకోండి. ఒకే అచ్చును ఆరేడు సెకన్లు పట్టుకుంటది. ఆ మెషిన్‌కు అది ఫ్యాన్ చప్పుడు లెక్కనే అనిపిస్తది. మొదటి సెకను వదిలి, తర్వాత మెల్లగా నొక్కుకుంటూ పోతది. ప్రధానుల, తోటీల కిక్రి కూడా అంతే. తీగ మీద విల్లు ఆగకుండా పోతుంటే, దాన్ని తీసేయాల్సిన మురికి అనుకుంటది.

రెండోది ఆటోమేటిక్ గెయిన్. దగ్గరగా మాట్లాడినా దూరంగా మాట్లాడినా అవతలివాళ్లకు ఒకే ఎత్తులో వినపడాలని పెట్టినది. పెద్ద శబ్దం రాగానే మైకు వాల్యూమ్‌ను తనంతట తాను దించేస్తది, నెమ్మదిగా మళ్ల ఎత్తుతది. మన దగ్గర పాట పక్కన డోలు ఉంటది, తుడుం ఉంటది, పెప్రె ఉంటది. డోలు మీద ఒక దెబ్బ పడగానే అది వాల్యూమ్ దించుతది, డోలుతో పాటు గొంతు కూడా దిగుతది. గొంతు తిరిగి పైకి వచ్చేలోపు ఇంకో దెబ్బ. అట్ల పాట మొత్తం నీళ్లల్లో మునిగి తేలినట్టు వినపడతది. డోలు కొట్టకుండా పాడితే సరిపోతది కదా అని ఒక తమ్ముడు రాసిండు. కోయ డోలీలను డోలు పక్కన పెట్టి కథ చెప్పమని అడగడం ఎట్లుంటదో ఒక్కసారి ఆలోచించు తమ్మీ. దెబ్బను బట్టే మాట వస్తది వాళ్లకు.

మా పక్క గూడెంలో ఒక అవ్వ ఉంది. పెళ్లి పాటలు ఆమెకు వచ్చినన్ని ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. ఆన్‌లైన్ క్లాసుల కోసం ఒక ఇంట్ల కొన్న ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, ఆమె పాటలు రికార్డు చేసినం. పాడినంక ఆమెకే ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించినం. ప్రతి చరణం చివర గొంతు దిగిపోతున్నది. ఆమె రెండు పాటలు విని, ఇయర్‌ఫోన్ తీసేసి, నాకు దమ్ము అయిపోయిందిరా, ఇంక నన్నెందుకు అడుగుతరు, నా చెల్లె దగ్గరికి పొండ్రి అన్నది. పక్కనే కూర్చొని చెవులతో విన్నవాళ్లం మేము. ఆమె దమ్ము ఎక్కడా తగ్గలేదు. అదే సాయంత్రం సెట్టింగులు తీసేసి, మళ్ల బతిమిలాడి రికార్డు చేస్తే మూడు పాటలు పాడింది, మూడూ నిండుగా వచ్చినయి. కానీ పిల్లను సాగనంపేటప్పుడు పాడే పెద్ద పాట మాత్రం ఇంకోరోజు చూద్దాం అన్నది. అది ఇంకా రికార్డు కాలేదు.

అందుకే ఇది ఉత్త కంప్యూటర్ ముచ్చట కాదు అంటున్నం. 80 ఏండ్లు పాడిన మనిషికి ఒక మెషిన్ నీ గొంతు పోయింది అని చెప్తే, ఆ మనిషి మెషిన్‌నే నమ్ముతది. మనం పక్కనుండి "కొంచెం గట్టిగా పాడు అవ్వా" అంటే ఇంకా గట్టిగా నమ్ముతది. గట్టిగా పాడితే బాగుపడతదా అంటే అదీ లేదు. ఆటోమేటిక్ గెయిన్ ఉన్నప్పుడు ఎంత గట్టిగా పాడితే అది అంత ఎక్కువ దించుతది.

సరే, ఏం చేయాలి? ముందు జబ్బు ఏందో తెలుసుకోవాలి. తెలియకుండా మైకు మార్చుడు, కేబుల్ మార్చుడు, విండోస్ మళ్ల ఎక్కించుడు అన్నీ డబ్బులు, టైము దండగ. దానికి మేము చేసే పరీక్ష ఒకటుంది, ఒక్క నిమిషం పని. అవ్వను పిలిచే ముందే మనలో ఒకరు మైకుకు జానెడు దూరంలో కూర్చోవాలి. ఒకటి నుంచి ఇరవై దాకా ఒకే గట్టితనంతో లెక్కపెట్టాలి. తర్వాత దమ్ము ఉన్నంతసేపు "ఆ" అని ఒకే ఎత్తులో పట్టాలి. తర్వాత ఐదారు సార్లు చప్పట్లు కొట్టుకుంటూ మళ్ల లెక్కపెట్టాలి. ఇదంతా ల్యాప్‌టాప్‌లో రికార్డు అవుతుండగానే, పక్కన ఒక ఫోన్‌లో కూడా రికార్డు చేయాలి. ఫోన్ ఎందుకంటే, రెండు మెషిన్లు ఒకే చోట తప్పు చేయడం అరుదు. రెండింట్లోనూ ఒకే దగ్గర గొంతు తగ్గితే మనిషి కదిలినట్టు, లేకపోతే నిజంగనే తగ్గించి పలికినట్టు. ల్యాప్‌టాప్‌లో మాత్రమే తగ్గితే తప్పు ల్యాప్‌టాప్‌ది.

ఆ ఫైలును ఆడాసిటీలో తెరవండి. ఆడాసిటీ పైసలు లేకుండా దొరుకుతది, 2000 సంవత్సరం నుంచి ఉన్నది, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తది. తెర మీద గొంతు అలల లెక్క కనిపిస్తది కదా, ఆ అలల ఆకారమే జబ్బు పేరు చెప్తది. లెక్కపెట్టినప్పుడు బాగుండి, "ఆ" దగ్గర మాత్రం మొదట లావుగా ఉండి తోకలాగా సన్నబడిపోతే అది నాయిస్ సప్రెషన్. చప్పట్ల దగ్గర ప్రతి చప్పట్ వెనకాల అంకెలు చిన్నగా అయి మెల్లగా పెరిగితే అది ఆటోమేటిక్ గెయిన్. తగ్గుడు లేదు పెరుగుడు లేదు, కత్తితో కోసినట్టు నడుమ ఖాళీలు ఉంటే అది ఇంకో ముచ్చట, దాని గురించి కింద చెప్తం.

మొదటి రెండింటికి మందు ఒక్క దగ్గరే ఉంటది. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి పోయి సిస్టమ్, అందులో సౌండ్ తెరవండి. ఇన్‌పుట్ కింద మీ మైకు పేరు ఉంటది, దాని మీద నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని కనిపిస్తది. దాన్ని ఆఫ్ చేయండి. విండోస్ 10 అయితే సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో రికార్డింగ్ అనే చోటికి పోయి, మైకు ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ వెతకండి. నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సలేషన్ లాంటి పేర్లు ఉంటయి, అన్నీ తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ కంపెనీవాళ్లదే వేరే ఆడియో యాప్ ఉంటది. అందులో కూడా ఏఐ నాయిస్ అనో, వాయిస్ ఫోకస్ అనో ఒక బటన్ పెడతారు. విండోస్‌లో తీసేసినా ఇది పని చేస్తూనే ఉంటది కాబట్టి దాన్ని కూడా చూడాలి.

ఇంకోటి మర్చిపోవద్దు. మీటింగ్ యాప్‌లలో మైకు వాల్యూమ్‌ను ఆటోమేటిక్‌గా సర్దే ఒక టిక్కు ఉంటది. అది తన యాప్ లోపల సర్దుకొని ఊరుకోదు, విండోస్‌లో ఉన్న మైకు స్లయిడర్‌నే పట్టుకొని జరుపుతది. పొద్దున ఆన్‌లైన్ క్లాసు విని యాప్ మూయకుండా వదిలేస్తే, సాయంత్రం మీరు 80 దగ్గర పెట్టిన స్లయిడర్ 30కి వచ్చి ఉంటది. రికార్డు చేస్తున్నప్పుడు స్లయిడర్ దానంతట అది కదలడం కళ్లారా చూసినం, మొదటిసారి చూసినవాళ్లు దయ్యం అనుకుంటారు. ఆ టిక్కు తీసేయండి. రికార్డింగ్ టైములో ఆ యాప్‌లను పూర్తిగా మూసేయండి, కింద గడియారం పక్కన ఐకాన్ ఉంటే అక్కడి నుంచి కూడా. బ్రౌజర్‌లో నడిచే రికార్డింగ్ సైట్లు కూడా వాడొద్దని మా మాట. బ్రౌజర్‌లో ఎకో తీసేసుడు, నాయిస్ తీసేసుడు, గెయిన్ సర్దుడు మూడూ మామూలుగా ఆన్‌లోనే ఉంటయి. వాటిని తీసేసే బటన్ ఆ సైటు ఇస్తేనే ఉంటది, లేకపోతే లేదు. ఆన్‌లైన్‌లోనే పాట వినిపించాల్సి వస్తే, కొన్ని మీటింగ్ యాప్‌లలో సంగీతం కోసం ఒరిజినల్ సౌండ్ అని వేరే సెట్టింగు ఇస్తున్నారు. అది పెట్టుకోండి. వాళ్లే అట్ల వేరేగా ఇచ్చినరంటే, మామూలు సెట్టింగు పాటను పాడు చేస్తదని వాళ్లకు కూడా తెలుసు అన్నట్టే కదా.

కొందరు పాటకు మ్యూజిక్ ట్రాక్ పెట్టుకొని దానిమీద పాడుతున్నారు. వాళ్లు చెప్పే ఇబ్బంది వేరే. "నేను రికార్డు మొదలుపెట్టగానే ట్రాక్ వాల్యూమ్ పడిపోతున్నది" అంటున్నారు. అది విండోస్ పని. విండోస్ 7 నుంచి ఒక ఏర్పాటు ఉన్నది. కాల్ నడుస్తున్నదని దానికి అనిపిస్తే, మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించేస్తది. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో చివర కమ్యూనికేషన్స్ అని ఉంటది, అక్కడ "డూ నథింగ్" పెట్టండి, అయిపోయింది. అయితే ట్రాక్‌ను స్పీకర్లలో పెట్టి పాడేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ఎకో క్యాన్సలేషన్ ఆన్‌లో ఉంటే, స్పీకర్‌లో నుంచి వచ్చేదాన్ని మైకులో నుంచి తీసేయాలని చూస్తది. పాట, ట్రాక్ ఒకే రాగంలో ఉంటయి కాబట్టి ట్రాక్‌తో పాటు గొంతును కూడా కొరుకుతది. హెడ్‌ఫోన్ పెట్టుకోండి. బ్లూటూత్‌ది మాత్రం వద్దు. బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు వాడగానే అది ఫోన్ మాటల పద్ధతిలోకి మారిపోతది, మంచి స్టీరియో పోయి పాత ల్యాండ్‌లైన్ లెక్క గరగర వినపడతది. ఆలస్యం కూడా ఉంటది, తాళం తప్పుతది. వంద రూపాయల వైరు హెడ్‌ఫోన్ దానికంటే నయం.

ఇప్పుడు కోసినట్టు ఖాళీలు వచ్చే ముచ్చట. ఆడాసిటీలో సౌండ్ యాక్టివేటెడ్ రికార్డింగ్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే శబ్దం తగ్గినప్పుడల్లా రికార్డింగ్ ఆగిపోతది. పాటలో దమ్ము తీసుకునే జాగలు, మెల్లగా గొణిగే మాటలు ఎగిరిపోతయి. దాన్ని తీసేయాలి. అది ఆఫ్‌లోనే ఉంటే వైరు చూడండి. పిన్ను దగ్గర వైరు వంచుతూ లెక్కపెడితే ఎక్కడ తెగుతున్నదో తెలుస్తది. కాలర్ మైకుల్లో కొన్నింటికి లోపల చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటది, ఎల్‌ఆర్44 అని దాని మీద రాసి ఉంటది. అది అయిపోవచ్చినప్పుడు మైకు ఒక్కసారి చావదు. గొంతు రోజురోజుకు సన్నబడతది, పగిలినట్టు వస్తది. మనం మైకు పోయిందనుకొని కొత్తది కొంటం. బ్యాటరీ మార్చి చూసినంక కొనండి.

అన్నింటికంటే ఎక్కువ కనపడేది ఇంకోటుంది. కాలర్ మైకు ల్యాప్‌టాప్‌కు పెట్టే ఉంటది, చొక్కాకు తగిలించే ఉంటది, కానీ రికార్డు అయ్యేది మాత్రం ల్యాప్‌టాప్ లోపలి మైకులో. పిన్ను ఆ రంధ్రానికి సరిపడేది కాకపోవడం వల్లనో, సెట్టింగులో పాత మైకే ఉండిపోవడం వల్లనో ఇట్ల అవుతది. పాడే మనిషి దూరంగా ఉంటది, గొంతు ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టు వినపడతది. కనిపెట్టుడు తేలిక. కాలర్ మైకును గోరుతో మెల్లగా గీకండి. గీకినప్పుడు మీటర్ లేవకపోతే అది వింటలేదు. ల్యాప్‌టాప్ మూత దగ్గర గీకి చూడండి, అక్కడ లేస్తది. ఆ లోపలి మైకులతో ఇంకో తిప్పలు కూడా ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లకు రెండు మైకులు ఉంటయి, ఎదురుగా కూర్చున్న మనిషి గొంతును మాత్రమే పట్టాలని పక్కల నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తయి. మన పాటల్లో ఒకరు ఎత్తుకుంటే పక్కన నలుగురు అందుకుంటారు. ఆ నలుగురు మాయమైపోతారు.

కొందరు పెద్ద మైకు, మూడు పిన్నులది, ఫంక్షన్లలో వాడేది తెచ్చి, దుకాణంలో దొరికే కన్వర్టర్ వైరుతో ల్యాప్‌టాప్‌కు పెడుతున్నారు. అట్లాంటి కొన్ని వైర్లలో ఎడమ చెవికి వచ్చే గొంతు, కుడి చెవికి వచ్చే గొంతు ఒకదానికొకటి తిరగబడి ఉంటయి. హెడ్‌ఫోన్‌లో వింటే కొంచెం వింతగా ఉన్నా వినపడతది. అదే పాటను ఒక్క స్పీకర్ ఉన్న ఫోన్‌లో పెడితే రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి, గొంతు దాదాపు ఉండదు. "నా ల్యాప్‌టాప్‌లో వస్తున్నది అన్నా, గ్రూపులో పెడితే ఎవరికీ వస్తలేదు" అనే కథ వెనక చాలాసార్లు ఇదే ఉంటది. ఆడాసిటీలో స్టీరియో ట్రాక్‌ను విడదీసి, ఒక్క వైపే ఉంచుకొని మోనోగా పంపితే గొంతు తిరిగి వస్తది. ఇది మాత్రం రికార్డు అయినంక కూడా బాగుపడే జబ్బు.

సెట్టింగులన్నీ తీసినా కొన్నిసార్లు తగ్గుడు ఉంటది, అది దూరం వల్ల. మైకుకు 15 సెంటీమీటర్ల దూరం నుంచి 30కి జరిగితే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతది, చెవికి బాగా తెలుస్తది. పెద్దమనుషులు పాడేటప్పుడు తల ఊపుతరు, పక్కన ఉన్నవాళ్ల వైపు తిరుగుతరు, కొందరు లేచి అడుగేస్తరు. స్టూడియోలో అయితే "కదలొద్దు" అంటారు. మనం ఆ మాట అనొద్దు. మైకు కదలాలి గాని మనిషి కాదు. బట్టకు తగిలించే మైకు పెట్టండి, లేకపోతే మైకును కొంచెం దూరంలో పెట్టండి, తల ఊపినప్పుడు వచ్చే తేడా అప్పుడు తక్కువ అవుతది. డోలును గదిలో ఇంకో మూలకు జరపండి, మైకు వీపు డోలు వైపు ఉండేట్టు చూడండి.

వాల్యూమ్‌ను పాడే గొంతును బట్టి పెట్టొద్దు, డోలు అందరికంటే గట్టి దెబ్బను బట్టి పెట్టండి. మీటర్‌లో ఆ దెబ్బ మైనస్ 6 దాటకుండా, గొంతు మైనస్ 18, మైనస్ 12 నడుమ తిరిగేటట్టు పెట్టి వదిలేయండి. అలలు తెర మీద సన్నగా కనిపిస్తయి, భయపడొద్దు. తక్కువగా రికార్డు అయిన పాటను తర్వాత మొత్తంగా ఎత్తుకోవచ్చు. మీటర్ సున్నా తాకి పగిలిన పాటను ఎవ్వరూ అతికించలేరు. సన్నని అలలు చూసి "వాల్యూమ్ తక్కువుంది" అని మధ్యలో పెంచేవాళ్ల వల్ల కూడా పాటలు పాడవుతున్నయి.

ఇంక మా వాదనకు వచ్చే ఎదురు మాటలు. "పాటలో మాటలు అర్థమైతే చాలదా, ఇంత అవసరమా" అని కొందరు. మాటలే కావాలంటే కాగితం చాలు. హైమన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి మన గోండు పెద్దలు చెప్పిన కథలు రాసుకున్నరు, ఆ పుస్తకం వచ్చి ఇన్నేండ్లయినా కథలు చదువుకుంటున్నం. కానీ ఆ చెప్పిన మనిషి ఎక్కడ రాగం తీసిండు, ఎక్కడ ఆగిండు, కాగితం చెప్పదు. రికార్డు చేసేదే దాని కోసం. తీరా ఆ సాగదీసిన రాగాన్నే మెషిన్ నమిలేస్తే, రికార్డు చేసి కూడా మనకు మిగిలేది మళ్ల కాగితమే.

"ఏఐ టూల్‌లో వేస్తే క్లీన్ అయిపోతది కదా" అని ఇంకొందరు, ఎక్కువగా ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లు. ఆ టూళ్లు కూడా మాటను ఉంచి మిగతాది తీసేద్దామనే చేసినవి. వాటిలో వేస్తే డోలు పోతది, గజ్జెలు పోతయి, వెనక అందుకున్న ఆడవాళ్ల గొంతులు పోతయి. కోడి కూత కూడా పోతది, అది పోయినా మాకు ఇష్టం లేదు గానీ ఆ సంగతి వదిలేద్దాం. ఏది పాట, ఏది చప్పుడు అనే తీర్పు చేసేది ఎవరు? 2011 జనగణనలో గోండి మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షలకు పైనే. ఆ సెట్టింగులు చేసినవాళ్లు అందులో ఒక్కరి పాట అయినా విని చేసినరని మాకు అనిపించదు. వాళ్లకు కుట్ర ఉందని కాదు. వాళ్లకు మీటింగ్ కావాలి, మీటింగ్ కోసం చేసినరు. మన పాట కోసం ఆ బటన్ ఆఫ్ చేయాల్సింది మనం.

క్లీన్ చేయాలనుకుంటే చేసుకోండి, స్టేటస్‌కు పెట్టుకునే కాపీ మీద చేసుకోండి. అసలు ఫైలును మాత్రం ముట్టొద్దు. వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోలో ఉంచండి. ఒక గంట పాటకు దాదాపు 520 ఎంబీ పడతది, ఒక సినిమా కంటే తక్కువే. సినిమాలకు పెన్‌డ్రైవ్‌లో జాగ ఉన్నప్పుడు పాటకు కూడా ఉంటది. రెండు చోట్ల దాచండి.

ఇదివరకే మునిగిపోయి రికార్డు అయిన పాటల సంగతి అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే, ఆటోమేటిక్ గెయిన్ దించినదాన్ని ఆడాసిటీలో ఎన్వలప్ టూల్‌తో చోటు చోటుకు ఎత్తి కొంతవరకు సర్దుకోవచ్చు, ఓపిక కావాలి. నాయిస్ సప్రెషన్ తీసేసినది మాత్రం తిరిగి రాదు. ఎత్తితే మిగిలిన గరగర పైకి వస్తది, గొంతు రాదు. పాడినవాళ్లు ఉంటే, వాళ్లకు ఇష్టమైతే, మళ్ల పోయి రికార్డు చేయండి. వాయిదా మాత్రం వేయొద్దు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయిండు. అదే ఏడు మన గుస్సాడీ కనకరాజు గారు కూడా పోయిండు. వాళ్లు పేరున్నవాళ్లు కాబట్టి ఎక్కడో ఒక కెమెరా ముందు ఉన్నరు. మన గూడెంలో పేరు లేని అవ్వ గొంతు మీ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

పాడినవాళ్లకు వినిపించకుండా లేచి రావొద్దు, వాళ్లు సరే అంటేనే గ్రూపులో పెట్టండి. కొన్ని పాటలు పూజ దగ్గర తప్ప బయట వినిపించేవి కావు, అది వాళ్లకే తెలుసు.

మీ కంప్యూటర్‌లో ఇంకా తిప్పలు ఉంటే, పైన చెప్పిన పరీక్ష ఫైలు పంపండి. పాట కాదు, ఆ లెక్కపెట్టిన ఒక్క నిమిషం చాలు. వాయిస్ మెసేజ్‌గా పంపితే అది మళ్ల పిండేసి వస్తది, మేము వినేది జబ్బు కాదు, జబ్బు మీద జబ్బు. డాక్యుమెంట్‌గా పంపండి. దాంతోపాటు ఏ మైకు, ఏ విండోస్, ఏ యాప్‌లో రికార్డు చేసినరు అని రాయండి. ఆదివారం పొద్దున అందరం కూర్చొని విని జవాబు రాస్తం, కరెంటు ఉంటే.

జై జోహార్.